గ్యాంగ్ ఆఫ్ ఫోర్‌ను చెడగొట్టింది డ్యాన్సా, బేసు మనిషి వెళ్లిపోవడమా?

శ్రోత_నిజాంపేట
2025 ఏప్రిల్‌లో డేవ్ అలెన్ పోయాడన్న వార్త చదివాక, అతను మొదట్లో బేసు (మంద్రస్వరాల గిటారు) వాయించిన లీడ్స్ రాక్ బ్యాండు గ్యాంగ్ ఆఫ్ ఫోర్ ఆల్బమ్‌లన్నీ విడుదలైన వరుసలో వినడం మొదలుపెట్టాను. 1979 నాటి 'ఎంటర్‌టైన్‌మెంట్!' ఉన్నంతసేపూ కుదురుగా కూర్చోలేకపోయాను. 1981 నాటి 'సాలిడ్ గోల్డ్' ఇంకా బరువుగా ఉంది, అయినా అదే వాయింపు తీరు. 1982 నాటి 'సాంగ్స్ ఆఫ్ ది ఫ్రీ' దగ్గరికి వచ్చేసరికి వెనక ఆడగొంతుల కోరస్, అంతా నున్నగా సానపట్టిన శబ్దం. 1983 నాటి 'హార్డ్' సగంలో ఆపేశాను. ఎక్కడ చదివినా ఒకటే మాట: డ్యాన్స్ మోజులో పడి బ్యాండు పాడైందని. నాకు ఆ లెక్క కుదరడం లేదు. కాళ్లు ఆగనిది మొదటి ఆల్బమ్‌కే కదా! మరి తరువాత జరిగినది ఏమిటి?

రికార్డుల_పెట్టె
డ్యాన్స్‌ను అనవసరంగా ఆడిపోసుకుంటున్నారు. పాడుచేసింది రేడియో ఆశ. 'హార్డ్' నాటికి బ్యాండులో డ్రమ్మరే లేడు. హ్యూగో బర్నమ్‌ను ఆ ఏడాదే పంపించేశారు. నలుగురి పేరు పెట్టుకున్న బ్యాండులో అసలువాళ్లు ఇద్దరే మిగిలిన రికార్డు అది.

బేసు_బాబాయ్
శ్రోత గారి లెక్కే సరైనది. డ్యాన్స్ మొదటి రోజు నుంచీ ఉంది. కాకపోతే అది ఎక్కడ ఉండేదో చూడాలి.

గిటారు వాయించే ఆండీ గిల్, పాడే జాన్ కింగ్ చిన్ననాటి స్నేహితులు. సెవనోక్స్‌లో ఒకే బడి, తరువాత లీడ్స్ విశ్వవిద్యాలయంలో చిత్రకళ. 1976లో న్యూయార్క్ వెళ్లి సీబీజీబీ క్లబ్బులో బ్యాండులను దగ్గరగా చూసి వచ్చారు. హ్యూగో బర్నమ్ అదే విశ్వవిద్యాలయం. అలెన్ ఒక్కడే బయటివాడు. బేసు వాయించేవాడు కావాలన్న వీళ్ల ప్రకటన చూసి వచ్చాడు. అప్పటికే చేయి తిరిగినవాడు. పంక్ బ్యాండుల్లో చాలామంది బేసు వాళ్లు గిటారు ఏ స్వరం పట్టుకుంటే దాన్నే పట్టుకుని వేగంగా కొట్టుకుంటూ పోయేవారు. అలెన్ అలా వాయించలేదు. పాటకు రాగం ఇచ్చింది బేసు, గిటారు తాళవాద్యం అయింది. మామూలు రాక్ బ్యాండు అమరికను తలకిందులు చేసి పెట్టారన్నమాట.

'నాట్ గ్రేట్ మెన్' హెడ్‌ఫోన్లలో వినండి. డ్రమ్స్ దాదాపు డిస్కోలా తిన్నగా పోతుంటాయి. బేసు ఒకే పదబంధాన్ని తిప్పుతూ ఉంటుంది. గిల్ తీగల మీద గీకి వెంటనే చేత్తో మూసేస్తాడు. గీకు, మూత, ఖాళీ. మళ్లీ గీకు. ఆ ఖాళీలో బేసు వినబడుతుంది. నేను కాలేజీ రోజుల్లో మా బ్యాండుతో ఈ పాట నేర్చుకుంటుంటే మా గిటారు కుర్రవాడు ఆ ఖాళీలను భరించలేకపోయేవాడు. ప్రతి ఖాళీలోనూ ఏదో ఒక తీగ మోగించేవాడు. మోగించిన ప్రతిసారీ పాట చచ్చిపోయేది. చివరికి ఎడమ చేయి తీగల మీద పూర్తిగా ఆనించి, కుడి చేత్తో మాత్రమే వాయించమన్నాను. అప్పుడు నిలబడింది.

కాబట్టి అలెన్ పోయినప్పుడు పోయింది ఒక వాద్యం కాదు, ఆ అమరిక.

మృదంగం_మూర్తి
బాబాయ్ గారు డ్రమ్స్‌ను ఒక్క వాక్యంలో దాటేశారు. నేను వదలను.

బర్నమ్ తాళపు చట్రం ఉండాల్సిన చోట ఉండదు. 'ఎట్ హోమ్ హీ ఈజ్ ఎ టూరిస్ట్'లో దరువు ఎక్కడ ఎత్తుకుంటున్నాడో మొదటిసారి వింటే పట్టుబడదు. రాక్ డ్రమ్మర్లు వాక్యం ముగియగానే పెద్ద తాళం పళ్లెం ఒకటి మోగిస్తారు చూడండి, ఆ అలవాటు ఇతనికి చాలా తక్కువ. మన దగ్గర అతీత, అనాగత ఎడుపుల్లో, అంటే తాళం మొదటి దెబ్బకు ముందో వెనకో ఎత్తుకుని పాడేటప్పుడు, ఆ మొదటి దెబ్బ (సమం) ఎక్కడుందో వినేవాడి ఒంట్లో ఉండాలి, వాద్యం చెప్పదు. బర్నమ్‌ను విన్నప్పుడు నా చేతికి తెలిసింది అదే.

నీలి_క్యాసెట్
మీరందరూ వాయిద్యాల గురించే మాట్లాడుతున్నారు. వాళ్లు మార్క్స్‌ను చదువుకున్న కుర్రవాళ్లు, సరుకు గురించి, కోరికను సరుకుగా మార్చడం గురించి పాటలు రాసినవాళ్లు. మొదటి రికార్డు 'డ్యామేజ్డ్ గూడ్స్' 1978లో ఎడిన్‌బరోలో బాబ్ లాస్ట్ నడిపిన ఫాస్ట్ ప్రొడక్ట్ అనే చిన్న సంస్థ నుంచి వచ్చింది. ఏడాది తిరిగేసరికి పెద్ద రికార్డు కంపెనీ ఈఎంఐతో ఒప్పందం. నా దృష్టిలో కథ మలుపు తిరిగింది 1981లో కాదు, ఆ సంతకం దగ్గర.

వానలో_లీడ్స్
నేను ఆ ఊళ్లో చదువుకున్నాను. వాళ్ల కాలానికి చాలా తరువాతే. అయినా ఆ చిత్రకళ విభాగం పేరు చెబితే పాత తరం వాళ్లు ఇప్పటికీ ఆ రోజులు గుర్తు చేసుకుంటారు. 1976 నుంచి దానికి పెద్ద టి.జె. క్లార్క్. ఒకప్పుడు సిచువేషనిస్టులు అనే వామపక్ష కళాకారుల బృందంతో తిరిగిన కళాచరిత్రకారుడు. మెకాన్స్, డెల్టా 5, గ్యాంగ్ ఆఫ్ ఫోర్ బ్యాండులు మూడూ ఆ చుట్టుపక్కల నుంచే పుట్టాయి. మెకాన్స్ మొదట్లో వాయించింది గ్యాంగ్ ఆఫ్ ఫోర్ వాద్యాల మీదే. బ్యాండు పేరు కూడా మెకాన్స్ మనిషి చలవే. చైనాలో మావో భార్యతో సహా 'గ్యాంగ్ ఆఫ్ ఫోర్' అనే నలుగురిని పట్టుకున్న వార్త అప్పుడు పత్రికల నిండా ఉంది.

ఇంకో సంగతి. అప్పటి లీడ్స్ కళాకారుల కాఫీ గిన్నెల ఊరు కాదు. నేషనల్ ఫ్రంట్ అనే జాత్యహంకార పార్టీ వాళ్లు వీధుల్లో ఉండేవారు. ఈ బ్యాండులు పాడే చోటికి వచ్చి తన్నులాటలకు దిగేవారు. రాక్ ఎగెనెస్ట్ రేసిజం సభల్లో వీళ్లు వాయించారు. జమైకా రెగె, అమెరికా నల్లవారి ఫంక్ ఆ ఊళ్లో తెల్ల కుర్రవాళ్లు వాయించడం ఒక పక్షం తీసుకోవడం. వేదిక మీద అదే మాటను నడుముతో, కాళ్లతో చెప్పారు. అందుకే సంగీతాన్ని, రాజకీయాన్ని విడదీసి చూడడం కుదరదంటాను.

నీలి_క్యాసెట్
@వానలో_లీడ్స్ ఇది ఒప్పుకుంటాను. విడదీయకూడదు కాబట్టే ఈఎంఐ గురించి అడుగుతున్నాను.

రికార్డుల_పెట్టె
ఈఎంఐతో సంతకం చేశాక కూడా వాళ్లు ఎంత మొండిగా ఉన్నారో చూడండి. 1979లో 'ఎట్ హోమ్ హీ ఈజ్ ఎ టూరిస్ట్' అమ్ముడవుతుండగా బీబీసీ తన టీవీ కార్యక్రమం 'టాప్ ఆఫ్ ది పాప్స్'కి పిలిచింది. బ్రిటన్‌లో ఆ కార్యక్రమంలో ఒక్కసారి కనిపిస్తే రికార్డు ఎక్కడికో పోయేది. పాటలో గర్భనిరోధక తొడుగులను సూచించే ఒక మాట ఉంది, మార్చమన్నారు. బ్యాండు కొంత దిగివచ్చి ఒక మాట మార్చింది. అది చాలదు, మేం చెప్పిన మాటే పాడాలన్నారు. లేచి బయటికి వచ్చేశారు. పాట 58వ స్థానం దాటి పైకి పోలేదు. అమ్ముడుపోయినవాళ్లు చేసే పని కాదది.

శ్రోత_నిజాంపేట
ఇది నాకు తెలియదు. ఆ ఒక్క సాయంత్రం సర్దుకుని ఉంటే దారి వేరేలా ఉండేదా?

బేసు_బాబాయ్
ఉండేది. సింగిల్ ఎక్కి ఉంటే బ్రిటన్‌లో నిలదొక్కుకునేవారు. ఎక్కకపోవడంతో అమెరికా యాత్రల మీద పడ్డారు. బండిలో వారాల తరబడి ప్రయాణం, ప్రతి రాత్రీ వాయింపు. 1981 అమెరికా యాత్ర మధ్యలోనే అలెన్ దిగిపోయాడు. కొన్నాళ్లు బస్టా జోన్స్ ఆదుకున్నాడు, టాకింగ్ హెడ్స్ యాత్రల్లో వాయించినవాడు. తరువాత బేసుకు సారా లీ వచ్చింది.

ఎల్పీ_ప్రియ
అలెన్ ఆ తరువాత ఎక్స్‌టీసీ బ్యాండు నుంచి వచ్చిన బ్యారీ ఆండ్రూస్‌తో ష్రీక్‌బ్యాక్ అనే బ్యాండు పెట్టాడు. దాని రికార్డులను కూడా ఈ వరుసలోనే వినండి శ్రోత గారూ. గ్యాంగ్ ఆఫ్ ఫోర్ నుంచి మాయమైన బేసు ఎక్కడికి పోయిందో తెలుస్తుంది.

సారా_పక్షం
ఇక నేను నోరు మెదపక తప్పదు. అందరూ కలిసి సారా లీని అలెన్ కుర్చీలో కూర్చున్న మనిషిగా మాత్రమే చూస్తున్నారు. ఆమె అంతకుముందు గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ బ్యాండు 'లీగ్ ఆఫ్ జెంటిల్‌మెన్'లో వాయించింది. ఆ తరువాత బి-52స్‌తో, ఇండిగో గర్ల్స్‌తో. చేతకాని మనిషిని వాళ్లెవరూ పిలవరు.

'ఐ లవ్ ఎ మ్యాన్ ఇన్ ఎ యూనిఫాం' గురించి ఎవరూ ఎత్తలేదు, ఆశ్చర్యంగా ఉంది. 1982 వసంతంలో వచ్చింది. పనీ పాటా లేని మగవాడు సైన్యంలో చేరి తన మగతనాన్ని వెతుక్కోవడం ఆ పాట. అదే సమయానికి అర్జెంటీనాతో బ్రిటన్‌కు ఫాక్‌లాండ్స్ యుద్ధం మొదలైంది. బీబీసీ దాన్ని రేడియోలో వేయకుండా పక్కన పెట్టింది. బ్రిటన్‌లో 65వ స్థానంతో సరి. అదే పాట అమెరికా డ్యాన్స్ క్లబ్బుల్లో మోగిపోయింది. అంటే ఏమిటి? ఆడగొంతుల కోరస్, నున్నటి శబ్దం అని మీరు కొట్టిపారేస్తున్న ఆ పాటే అధికారంలో ఉన్నవాళ్లకు అసౌకర్యంగా తోచింది. ఆ ఆడగొంతులు అలంకారానికి పెట్టినవి కావు. సైనికుడి భ్రమను వెనక నిలబడి ఊదిపెంచే గొంతులవి. తీసేస్తే పాటకు అర్థం పోతుంది.

నీలి_క్యాసెట్
ఆ పాట వరకు మీరు చెప్పింది నిజం. ఆల్బమ్ మొత్తానికి వర్తించదు.

సారా_పక్షం
'వీ లివ్ యాజ్ వీ డ్రీమ్, అలోన్' వినండి. వర్తిస్తుంది.

మృదంగం_మూర్తి
నాకు 'సాలిడ్ గోల్డ్' దగ్గర ఆగాలని ఉంది. దాన్ని అందరూ దాటేస్తారు. జిమ్మీ డగ్లస్ అనే అమెరికన్ దాని మీద పనిచేశాడు, అట్లాంటిక్ సంస్థలో ఫంక్ రికార్డుల మధ్య పెరిగిన ఇంజనీరు. 'ఎంటర్‌టైన్‌మెంట్!' శబ్దం ఎముకల్లా పొడిగా ఉంటుంది. గిల్ వాల్వులున్న ఆంప్లిఫయర్ల వెచ్చదనం వద్దనుకుని ట్రాన్సిస్టర్లవే వాడాడు. 'సాలిడ్ గోల్డ్'లో డ్రమ్స్ దగ్గరికి వచ్చి గుండె మీద తగులుతాయి. 'వాట్ వీ ఆల్ వాంట్'లో వేగం తగ్గించారు. తగ్గించిన కొద్దీ ఫంక్ చిక్కబడింది. ఫంక్‌కు వేగం అక్కర్లేదని ఆ ఒక్క పాట రుజువు.

ఆల్బమ్‌ను మొదలుపెట్టే 'పారలైజ్డ్'లో గిల్ పాడడు, మాట్లాడతాడు. ఉద్యోగం పోయిన మనిషి గొంతు. చెప్పేది అంతా నీరసం, కింద తాళం మాత్రం ఆగదు. నేను పనిచేసే చోట మనుషులను తీసేసినప్పుడు ఈ పాట విన్నాను. ఇంటికి వెళుతూ బస్సులో. ఎవరూ ఓదార్చనట్టే ఉంది, కానీ నా పక్కన ఎవరో కూర్చున్నట్టుంది.

శ్రోత_నిజాంపేట
@మృదంగం_మూర్తి 'పారలైజ్డ్' మళ్లీ పెట్టాను, మీ మాట చదివాక. దాని మీద ఇంక ఏమీ అనలేను.

వానలో_లీడ్స్
'ఆంత్రాక్స్' గురించి ఎవరైనా చెబుతారని చూస్తున్నాను. 'ఎంటర్‌టైన్‌మెంట్!' చివరి పాట. మొదట చాలాసేపు గిటారు ఊళ పెడుతూ ఉంటుంది. తరువాత బేసు, డ్రమ్స్ వచ్చి నడక మొదలుపెడతాయి. ఒక చెవిలో కింగ్ ప్రేమను పశువుల రోగంతో పోల్చి పాడుతుంటాడు, రెండో చెవిలో గిల్ మామూలు మాటల్లో, బ్యాండులు ఎందుకిన్ని ప్రేమ పాటలు పాడతాయి అని చెబుతుంటాడు. రెండూ ఒకేసారి. ఏ చెవిని నమ్మాలో మనమే తేల్చుకోవాలి. 1979లో ఈ పని చేసి దాని కింద ఆడదగిన తాళం పెట్టారు.

ఎల్పీ_ప్రియ
అదే ఆల్బమ్‌లో '5.45' పాటలో కింగ్ వాయించే మెలోడికా (ఊది వాయించే చిన్న కీబోర్డు) కూడా. జమైకా మెలోడికా విద్వాంసుడు అగస్టస్ పాబ్లో రికార్డులు వినని మనిషి అలా వాయించడు. టీ తాగుతూ టీవీలో రక్తం చూసే పాట అది, గెరిల్లా యుద్ధం కూడా ఇంట్లో కూర్చుని చూసే వినోదమైపోయిన సంగతి. ఇప్పుడు ఫోనులో వార్తలు తోసుకుంటూ అన్నం తినేటప్పుడు అదే గుర్తొస్తుంది.

కొత్తపేట_కిరణ్
నేను వీళ్ల దగ్గరికి తిరుగు దారిలో వచ్చాను. రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ వీరాభిమానిని. వాళ్ల 1984 నాటి మొదటి ఆల్బమ్‌ను నిర్మించింది ఆండీ గిల్. వాళ్ల బేసు వాద్యకారుడు ఫ్లీకి గ్యాంగ్ ఆఫ్ ఫోర్ అంటే ప్రాణం. తీరా స్టూడియోలో గిల్‌తో పొసగలేదు. పెప్పర్స్‌కు గ్యాంగ్ ఆఫ్ ఫోర్ తొలి రోజుల మొరటు శబ్దం కావాలి, గిల్‌కి రేడియోలో మోగే శుభ్రమైన శబ్దం కావాలి. శ్రోత గారి ప్రశ్నకు నాకు తోచే జవాబు ఇక్కడే ఉంది. అప్పటికి గిల్ చెవి మారిపోయింది. 'హార్డ్' ఎవరో బయటివాళ్లు చెడగొట్టింది కాదు.

రికార్డుల_పెట్టె
@కొత్తపేట_కిరణ్ ఇది ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన మాటల్లో బలమైనది. అయితే అదే గిల్ 2004లో తాను నిర్మాణంలో పాలుపంచుకున్న ఫ్యూచర్‌హెడ్స్ బ్యాండు మొదటి ఆల్బమ్‌లో పొడి శబ్దాన్ని మళ్లీ పట్టుకున్నాడు. ఆ రోజుల్లోని ఫ్రాంజ్ ఫెర్డినాండ్, బ్లాక్ పార్టీ, ది రాప్చర్ బ్యాండులను వినండి. గీకు, మూత, ఖాళీ అంతటా అదే. నిర్వాణా బ్యాండు గాయకుడు కర్ట్ కోబేన్ తన ఇష్టమైన ఆల్బమ్‌ల జాబితాలో 'ఎంటర్‌టైన్‌మెంట్!'ను రాసుకున్నాడు. రన్ ద జ్యువెల్స్ 2020లో అదే ఆల్బమ్‌లోని 'ఈథర్' ముక్కను తీసుకుని ర్యాప్ పాట కట్టారు.

బేసు_బాబాయ్
పిల్లలంతా వచ్చి తలుపు తట్టిన వేళకే అసలు నలుగురూ మళ్లీ కలిశారు. 2004 చివర్లో కలిసి 2005లో వేదికలెక్కారు. అప్పటి వీడియోలు చూడండి. అలెన్, బర్నమ్ పక్కపక్కన నిలిచిన క్షణం నుంచి చట్రం తిరిగి వచ్చేసింది. మధ్యలో 1991లో 'మాల్', 1995లో 'ష్రింక్‌ర్యాప్డ్' అని రెండు ఆల్బమ్‌లు కింగ్, గిల్ మాత్రమే పేరు నిలుపుకుంటూ చేశారు. వాటిలో మంచి ఆలోచనలు ఉన్నాయి, ఒంట్లోకి దిగే తాళం లేదు. నా వాదనకు ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఎల్పీ_ప్రియ
ఆ వీడియోల్లో 'హీ'డ్ సెండ్ ఇన్ ది ఆర్మీ' వచ్చినప్పుడు జాన్ కింగ్ మైక్రోవేవ్ ఓవెన్‌ను తీసుకొచ్చి బేస్‌బాల్ కర్రతో తాళానికి తగ్గట్టు బాదుతాడు. మా అమ్మ నా వెనక నిలబడి చూసి, "ఆ ఓవెన్ ముందే పాడైందా, అన్యాయంగా మంచిదాన్ని కొడుతున్నాడా?" అని అడిగింది.

మృదంగం_మూర్తి
అమ్మగారికి చెప్పండి, సరిగ్గా దరువు మీద పడుతోంది, అన్యాయం లేదని.

నీలి_క్యాసెట్
2005లో 'రిటర్న్ ది గిఫ్ట్' పేరుతో పాత పాటలనే మళ్లీ రికార్డు చేయడం మీకు బాగుందా? నాకు నచ్చలేదు. 'డ్యామేజ్డ్ గూడ్స్'లో ఇరవై ఏళ్ల కుర్రవాడి అసహనం కావాలి, యాభై ఏళ్ల నైపుణ్యం కాదు.

రికార్డుల_పెట్టె
పాత రికార్డింగుల మీద హక్కు కంపెనీది. కొత్తగా వాయిస్తే ఆ రికార్డింగు తమది. వస్తువు ఎవరిది, లాభం ఎవరిది అని పాతికేళ్లుగా పాడినవాళ్లు చివరికి ఆ ప్రశ్నను తమ పాటల మీదే వేశారు. నాకైతే గౌరవం పెరిగింది. డ్రమ్స్ శబ్దం కూడా పాతదానికన్నా నిండుగా ఉంది.

కొత్తపేట_కిరణ్
ఆ తరువాత కూడా నిలవలేదుగా. బర్నమ్, అలెన్ మళ్లీ వెళ్లారు. 2011లో 'కంటెంట్' కింగ్, గిల్. ఆపై కింగ్ కూడా తప్పుకున్నాడు. 2015, 2019 ఆల్బమ్‌ల నాటికి అసలు నలుగురిలో గిల్ ఒక్కడే.

వానలో_లీడ్స్
ఒక్కడే అయినా ఆపలేదు. 2019 చివర్లో చైనా దాకా వెళ్లి వాయించి వచ్చాడు. 2020 ఫిబ్రవరి 1న న్యుమోనియాతో లండన్‌లో పోయాడు, 64 ఏళ్లు. 2021లో వచ్చిన స్మారక ఆల్బమ్ 'ది ప్రాబ్లం ఆఫ్ లీజర్'లో ఫ్లీ, పెప్పర్స్ గిటారిస్టు ఫ్రూషియాంటే కలిసి 'నాట్ గ్రేట్ మెన్' వాయించారు. ఫ్లీ ఒకప్పుడు స్టూడియోలో గొడవపడిన గురువుకు ఆ పాటనే ఎంచుకుని ఇచ్చారు.

శ్రోత_నిజాంపేట
2025లో వీడ్కోలు యాత్ర అన్నారు, అందులో ఎవరున్నారు?

బేసు_బాబాయ్
కింగ్, బర్నమ్. గిటారు టెడ్ లియో, బేసు గెయిల్ గ్రీన్‌వుడ్. అమెరికా యాత్ర మొదలవబోతున్న రోజుల్లోనే అలెన్ పోయాడు.

శ్రోత_నిజాంపేట
మీరు చెప్పినవన్నీ దగ్గర పెట్టుకుని 'సాలిడ్ గోల్డ్' తరువాత ష్రీక్‌బ్యాక్, దాని తరువాత 'సాంగ్స్ ఆఫ్ ది ఫ్రీ' విన్నాను. డ్యాన్స్ మీద నిందను నేను పూర్తిగా కొట్టేస్తున్నాను. ముందు తాళం నలుగురి మధ్య ఉండేది, ఒకరు ఆగితే మరొకరు వినిపించేవారు. 'హార్డ్' నాటికి తాళం ఒక పక్కన దాని మానాన అది నడుస్తోంది, పైన పాట పెట్టారు. సారా_పక్షం గారూ, 'సాంగ్స్ ఆఫ్ ది ఫ్రీ'ని మాత్రం 'హార్డ్'తో కలిపి తిట్టను. అయినా అది సగం ఇల్లే అనిపిస్తోంది.

నీలి_క్యాసెట్
సగం ఇల్లు సరైన మాట.

సారా_పక్షం
కాదు. ఆల్బమ్ మొదటి పాట 'కాల్ మీ అప్' పెట్టండి. గొంతులు వదిలేసి బేసు ఒక్కటే పట్టుకోండి. బర్నమ్ ఇంకా ఉన్నాడు అందులో, ఇద్దరూ ఒకరికొకరు ఎంత చోటు ఇచ్చుకుంటున్నారో వినండి. విన్నాక కూడా సగం ఇల్లు అంటే అప్పుడు ఏ పాట దగ్గర గోడ లేదో చూపించండి, ఒక్కొక్క పాటగా తేల్చుకుందాం. 'మజిల్ ఫర్ బ్రెయిన్స్'తో మొదలుపెడదామా, 'ఆఫ్ ది ఇన్‌స్టంట్'తోనా?